మధ్యాహ్నం ఒప్పు, పొద్దున తప్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఈ కోపంతో ఏ ఇంట్లో నెగ్గుకొస్తావే అని మా అమ్మ దిగులు పడుతుండేది. ఇంటి సంగతి ఎలా ఉన్నా, ఆఫీసులో మాత్రం ఒకసారి ఆ కోపమే నన్ను నిలబెట్టింది.

రాజమండ్రి దానవాయిపేటలో, ఒక బట్టల కొట్టు మేడ మీద, నేను ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసేదాన్ని. కొత్త శతాబ్దం అప్పుడే మొదలైంది. మా ఊళ్ళో కంప్యూటర్ చదివిన వాళ్ళందరూ సర్టిఫికెట్ చేతికి రాగానే హైదరాబాదు రైలెక్కేసేవారు. నేను ఎక్కలేదు. ప్రోగ్రాము ఎక్కడ కూర్చుని రాసినా ప్రోగ్రామే కదా, ధవళేశ్వరంలో ఇంట్లో అన్నం తిని వచ్చి ఇక్కడే రాస్తానని పంతం పట్టాను. చుట్టాల్లో కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళ పేర్లన్నీ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ మేడ మీద రెండు గదులుండేవి. ముందు గదిలో పిల్లలకు టైపింగు, కంప్యూటర్ పాఠాలు. వెనక గదిలో సాఫ్ట్‌వేర్. రెండింటికీ యజమాని ఒక్కరే, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలిచేది, నేనూ అంతే. ప్రోగ్రాములు రాయడం ఆయనకు రాదు. కానీ రాసేవాళ్ళంటే గౌరవం. నాకు ముందు పని చేసినతను ఒక ప్యాకేజీ రాసిపెట్టి, అందరిలాగే హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆ ప్యాకేజీ బాగోగులు చూడడమే నా పని.

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు మాస్టారు ఆ ఊసే ఎత్తలేదు. పొద్దున్నే ఆఫీసు తెరిచి వెనక గదిలో పూజ చేసుకోవడం ఆయనకు అలవాటు. పూజ మధ్యలో వచ్చి నిలబడితే నాకు ఇబ్బందిగా ఉంటుందని, నన్ను పది గంటలకు రమ్మన్నారు. నేను వచ్చేసరికి అగరొత్తుల వాసన, మానిటరు మీద ఒక మందారప్పువ్వు ఉండేవి. ఆ మర్యాద నాకెంతో నచ్చేది. అదే మర్యాద నన్ను నానా తిప్పలూ పెడుతుందని అప్పుడు తెలియదు.

ఆ ప్యాకేజీ రెండు వీధుల అవతల ఉన్న పిల్లల ఆసుపత్రిలో నడిచేది. రక్తపరీక్ష చేసి అంకెలు కొడితే, రోగి వయసు చూసుకుని, ఆ వయసుకు ఎంత ఉండాలో పక్కన వేసి, తక్కువో ఎక్కువో నార్మలో అచ్చేసి ఇచ్చేది. ఏడాది పాటు ఏ గొడవా లేదు. తర్వాత డాక్టరమ్మగారు అప్పుడే పుట్టిన బిడ్డల కోసం కొత్తగా ఒక వార్డు తెరిచారు. గొడవ అక్కడ మొదలైంది.

వయసు ఏడాది నిండని బిడ్డకు మా ప్రోగ్రాము లెక్కలో వయసు సున్నా. సున్నా కనబడగానే అది, వయసు చెప్పలేదు కాబోలు అనుకుని పెద్దవాళ్ళ హద్దులు వేసేసేది. డాక్టరమ్మగారు నన్ను పిలిపించి, నిలబెట్టి చెప్పారు.

"పుట్టిన బిడ్డకి రక్తం మనకన్నా ఎక్కువుండాలమ్మా. మనంతే ఉందంటే తక్కువున్నట్టు. మీ మిషను దాన్ని నార్మల్ అంటోంది. ప్రతి కాగితం నేను చూసుకుంటున్నాను కాబట్టి సరిపోయింది. నేను లేనప్పుడు ఎవరన్నా ఆ కాగితం నమ్మి ఊరుకుంటే ఆ బిడ్డ గతేంటి?"

వెంటనే సరిచేస్తానన్నాను. చెయ్యకపోతే ప్యాకేజీ తీసేసి, మునుపటిలా చేత్తోనే రాయించుకుంటానని ఆవిడ మెల్లగానే చెప్పారు. మాస్టారికి ఆ మాట చేరేసరికి ఆయన ముఖం వాడిపోయింది. వెనక గదికి ఉన్న ఖాతా ఆ ఆసుపత్రి ఒక్కటే. అది పోతే గది చెక్కలతో అరలు చేయించి ఇంటర్నెట్ సెంటరు పెట్టుకోవడమేనని, నేను ముందు గదిలో టైపింగు చెప్పుకోవచ్చని అన్నారు. మంచికే చెప్పారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. టైపింగు చెప్పడానికి కాదు నేను ఈ ఊళ్ళో ఉండిపోయింది.

గురువారం మధ్యాహ్నం కూర్చుని తప్పు సరిచేశాను. పెద్ద పనేం కాదు. వయసును రోజుల్లో లెక్కేసి, పసిబిడ్డలకు వేరే హద్దులు పెట్టాను. పరీక్షించి చూశాను, సరిగ్గానే వచ్చింది. ప్యాకేజీ ఎప్పుడు బయటికి వెళ్ళినా మొదటి తెర మీద ఆనాటి తేదీ పడాలని మాస్టారి నియమం. అందుకని శుక్రవారం పొద్దున వచ్చి తేదీ ఒక్కటి మార్చి, మళ్ళీ కంపైల్ చేసి, ఫ్లాపీలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మగారి ఎదురుగా, రక్తం తక్కువున్న ఒక పసిబిడ్డ వివరాలు కొట్టాను. నార్మల్ అని వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ నార్మలే.

తల కొట్టేసినట్టయింది. ఆవిడ పక్కనున్న ఇంకో కాగితం అందుకున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆఫీసుకు వచ్చి నేను రాసింది తెరిచి చూశాను. సరిచేసింది సరిచేసినట్టే ఉంది. ప్రోగ్రాము మాత్రం పాతపాటే పాడుతోంది. అప్పుడు అనుమానం వచ్చింది, పాత ఫైళ్ళు లోపల ఉండిపోయాయని. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మనం రాసిన ప్రతి ఫైలునూ యంత్రం తనకు అర్థమయ్యే భాషలోకి మార్చి, పక్కన ఇంకో ఫైలుగా పెట్టుకుంటుంది, కంపైల్ అంటే అదే. చివరికి అలాంటివన్నీ కలిపి ప్యాకేజీ కడుతుంది. ప్రతిసారీ అన్నీ మార్చడం దండగ కనుక, వేళలు చూస్తుంది. మనం రాసినదాని కన్నా మార్చి పెట్టుకున్నది తర్వాతిదైతే, ఇది తాజాగానే ఉంది అనుకుని దాన్నే వాడేస్తుంది. అన్నం గిన్నె పొయ్యి మీంచి ఎప్పుడు దించారో చూస్తుందే గానీ, మూత తీసి వాసన చూడదు. అందుకే అనుమానం వచ్చినప్పుడు, మార్చి పెట్టుకున్నవన్నీ తుడిచేసి మొదటి నుంచీ కట్టించాలి. దానికో కమాండు ఉంది, రెండు ముక్కలే.

మాస్టారికి ఆ మాట చెప్పాను. ఆయన వద్దన్నారు. శుక్రవారం పూట ఉన్నవి తీసి పారేసుకోకూడదన్నారు. మా ఇంట్లో అలాంటి పట్టింపుల్లేవు, కానీ మా వీధిలో శుక్రవారం ఎవరూ పాత చీపురు కూడా బయట పారెయ్యరు. పెద్దాయనతో వాదించి లాభం లేదని శనివారం దాకా పళ్ళు కొరుక్కుంటూ ఆగాను.

శనివారం మధ్యాహ్నం ఆ రెండు ముక్కలూ కొట్టాను. పాతవన్నీ పోయాయి. నిజం చెప్పొద్దూ, ఎంత హాయిగా అనిపించిందో. తర్వాత మళ్ళీ కట్టించడం మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్యోమని ఊరుకుంది. కరెంటు వచ్చేదాకా చున్నీతో విసురుకుంటూ కూర్చుని, వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను. అయ్యేసరికి సాయంత్రమైంది. పసిబిడ్డ వివరాలు కొట్టి చూస్తే, తక్కువ అని చక్కగా వచ్చింది. ఆసుపత్రి ల్యాబ్ అప్పటికే మూసేశారు కనుక సోమవారం తీసుకెళ్దామనుకున్నాను. ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, నేను ప్రార్థన మీద ధ్యాస పెట్టానని చెప్పలేను. డాక్టరమ్మగారి ముఖంలో రాబోయే మార్పును ఊహించుకుంటూ కూర్చున్నాను.

సోమవారం పొద్దున నియమం ప్రకారం తేదీ మార్చి, కంపైల్ చేసి, తీసుకెళ్ళాను. ఆవిడ ముందు కొట్టాను. నార్మల్.

"రేపటి వరకు చూస్తాను. ఆపైన మీ టైమూ, నా టైమూ పాడుచేసుకోవద్దు," అన్నారావిడ.

మెట్లు దిగి వచ్చేటప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధతో కాదు, మంటతో. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది. నేను చేసిన పని సరైనదని నాకు తెలుసు, కళ్ళారా చూశాను. అయినా లోకం ముందు అబద్ధాలకోరులా నిలబడాల్సి వచ్చింది, అదీ రెండోసారి.

ఆఫీసుకు వచ్చి, పంకా కింద కూర్చుని, కోపాన్ని పక్కన పెట్టకుండానే ఆలోచించాను. గురువారం మధ్యాహ్నం సరిగ్గా ఉంది, శుక్రవారం పొద్దున చెడిపోయింది. శనివారం సాయంత్రం సరిగ్గా ఉంది, సోమవారం పొద్దున చెడిపోయింది. మధ్యాహ్నం చేస్తే ఒప్పు, పొద్దున చేస్తే తప్పు. మరి నేను వెళ్ళిపోయాక, మళ్ళీ నేను వచ్చేలోపు ఈ గదిలో ఏం జరుగుతోంది? ఎవరు ముట్టుకుంటున్నారో చూసి తీరాలనుకున్నాను. తాడోపేడో రేపే తేలిపోవాలి.

మంగళవారం పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వచ్చాను. మాస్టారు అప్పుడే తలుపులు తీసి పూజకు కూర్చున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు గానీ పూజ ఆపలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన గోడకున్న అరలో సత్యనారాయణ స్వామి పటం ముందు దీపం పెట్టి, పువ్వులు పెట్టి, దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత పటం వెనక నుంచి పసుపు బొట్టు పెట్టిన ఒక ఫ్లాపీ తీశారు. కళ్ళకద్దుకున్నారు. నా కంప్యూటరు ముందు కూర్చుని, ఫ్లాపీ పెట్టి, ఒక వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఏదో కొట్టారు. యంత్రం గరగరమంది. ఫ్లాపీ తీసి, మళ్ళీ పటం వెనక పెట్టేశారు.

నేను వెళ్ళి తెర చూశాను. మా ప్యాకేజీ మొదలుపెట్టిన ముహూర్తాన మొట్టమొదట కంపైల్ అయిన ఫైలు అది. వయసుకు తగ్గ హద్దులు ఎంచే పని ఉన్నది అందులోనే. నేను పొద్దున మార్చే తేదీ వేరే ఫైలులో ఉంటుంది, దాన్ని మారిస్తే యంత్రం దీన్ని మళ్ళీ మార్చదు. అప్పటి ఫైలును, నేను మార్చి కట్టించిన ఫైలు మీద ఆయన పొద్దున్నే తెచ్చి పెట్టేస్తున్నారు. అప్పుడే తెచ్చింది కనుక, యంత్రం దృష్టిలో దానంత తాజాది ఇంకోటి లేదు. నేను శనివారం ఎన్ని తుడిచినా ఏం లాభం?

రోజూ ఇలా వేస్తారా అని అడిగాను.

"ఆయ్, రోజూనమ్మా. అన్నవరంలో వ్రతం చేయించి, స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చుకున్న ఫైలది. ఆ వేసవిలో పిడుగు పడి వీధిలో కంప్యూటర్లన్నీ పోయినా, మనది పోలేదు కదా. అప్పట్నుంచీ మానలేదు," అన్నారు.

నిన్నటి నుంచి ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడదామని ఉన్నదాన్ని, ఒక్కసారిగా చప్పబడిపోయాను. ఆ వెంటనే భయం వేసింది. తప్పంతా ఆ ఫైలులోనే ఉందని ఎలా చెప్పడం? నేను చర్చికి వెళ్ళే పిల్లని. నా నోట ఆ మాట వస్తే ఆయన దేవుణ్ణే తప్పుపట్టినట్టుగా ఉంటుంది. ఇన్నాళ్ళూ నా మనసు నొచ్చుకోకుండా చూసుకున్న మనిషి ఆయన. చెప్పకుండా ఆయన లేని వేళ చూసి ప్యాకేజీ కట్టుకుని తీసుకెళ్ళిపోవచ్చు కదా అని కూడా ఒక బుద్ధి పుట్టింది. కానీ రేపో ఎల్లుండో మళ్ళీ కట్టాల్సి వస్తుంది, మళ్ళీ అదే కాగితం ఎవరో బిడ్డ తలగడ పక్కకు చేరుతుంది. ఉద్యోగం పోతే పోనీ, చెప్పే వెళ్తానని తేల్చుకున్నాను.

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో మొదటి నుంచీ చెప్పాను. లెక్కల మాస్టారు కదా, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమయ్యాక ఆయన తలెత్తలేదు. స్వామి దగ్గర పెట్టింది అపకారం చేస్తుందంటే మనసు ఒప్పుకోవడం లేదమ్మా అని మాత్రం అన్నారు.

"మా గుడిలో కూడా బల్ల మీద పూలు పెడతారండీ. దేవుడికి పెట్టిన పూలే. శనివారం సాయంత్రం మా అమ్మ వెళ్ళి అవన్నీ తీసేస్తుంది. తియ్యకుండా కొత్తవి పెట్టదండీ," అన్నాను.

ముందు రోజు పూలు తీసి ఉంచిన చిన్న బుట్ట ఆయన పక్కనే ఉంది. దాని వైపు చూశారు.

"నిర్మాల్యం. రోజూ నిర్మాల్యాన్నే తెచ్చి మళ్ళీ పెడుతున్నానన్నమాట," అన్నారు.

ఆ మాట నేను అనదగ్గది కాదు, ఆయన అనదగ్గది.

తుడిచే కమాండు ఏదో చెప్పమన్నారు. నేను కొడతానన్నాను. వద్దు, పెట్టినవాణ్ణి నేను, తీసేదీ నేనేనన్నారు. ఒక్కో అక్షరం నేను చెబుతుంటే ఒక వేలితో వెతుక్కుని కొట్టారు. చివరి మీట నొక్కే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. నొక్కేశారు. పాతవన్నీ పోయాయి, ముహూర్తం ఫైలుతో సహా. ఫ్లాపీ స్వామి దగ్గరే ఉంటుందని, ఇకమీద లోపలికి రాదని అన్నారు. తర్వాత మొదటి నుంచీ కట్టించాం. ఆ పొద్దున కరెంటు కూడా మా మీద దయ తలచింది.

అంతవరకూ ఎన్నడూ ఆసుపత్రి గడప తొక్కని మాస్టారు ఆ రోజు నాతో వచ్చారు. డాక్టరమ్మగారు మమ్మల్ని చూసి గడియారం చూసుకున్నారు. నేను ప్యాకేజీ ఎక్కించి, కల్పించిన వివరాలేవో కొట్టబోయాను. ఆవిడ ఆపారు. ఉత్తుత్తివి వద్దు, నిన్న పరీక్ష చేసినవాటిల్లో ఒకటి మళ్ళీ తియ్యమన్నారు. కోరుకొండ వైపు నుంచి వచ్చిన ఒక బిడ్డది తెర మీదికి తెచ్చాను. నిన్న ఆవిడ ఆపరేషన్ థియేటర్లో ఉండగా అచ్చయిన రిపోర్టు అది. నార్మల్ అని ఉంది. మీట నొక్కాను. ప్రింటరు కిర్రుకిర్రుమంటూ కదిలింది.

తక్కువ అని వచ్చింది.

వచ్చింది మాస్టారూ అని సంతోషంగా వెనక్కి తిరిగాను. డాక్టరమ్మగారు ఆ కాగితం చింపి చదివారు. అంకెలు మరోసారి చూశారు. కుర్చీ వెనక్కి తోసి, చెప్పులు కూడా వేసుకోకుండా వార్డు వైపు పరుగెత్తారు. అప్పుడు అర్థమైంది నాకు, అది పరీక్ష కోసం తీసిన కాగితం కాదని. ఆ బిడ్డ లోపలే ఉంది. నిన్నటి నుంచీ మా నార్మల్‌ను నమ్ముకుని పడుకుని ఉంది.

నేను గెలిచాననుకున్న క్షణంలోనే ఒక తల్లి గుండె జారిపోయింది. లోపల్నుంచి ఆ తల్లి ఏడుపు వినిపించింది. మాస్టారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం.

చాలాసేపటికి డాక్టరమ్మగారు వచ్చారు. చీరకొంగుతో ముఖం తుడుచుకుని కుర్చీలో కూర్చున్నారు.

"రక్తం ఎక్కిస్తున్నాం. వేళకే చూశాం, పరవాలేదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ వార్డు తెరిచినప్పట్నుంచీ వచ్చినవి అన్నీ మళ్ళీ తియ్యమ్మా. ఒక్కటీ వదలొద్దు," అన్నారు.

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. మాస్టారు ప్రింటరు పక్కన నిలబడ్డారు. నేను ఒక్కో బిడ్డనే తెర మీదికి తెస్తుంటే, ఆయన ఒక్కో కాగితం చింపి, వయసూ హద్దులూ తన నోటితో పైకి చదివి, సరిచూసి, డాక్టరమ్మగారి చేతికి ఇచ్చారు. మధ్యాహ్నం భోజనానికి లెమ్మన్నా ఆయన లేవలేదు. చివరి బిడ్డ కాగితం చదివేదాకా మేమిద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు.